బొమ్మలో ఎడమవైపు గొట్టం

నాలుగు గజాలు. నెవిల్ దిగి అడుగులు వేసి మరీ కొలిచాడు గానీ ఎంతన్నది పైకి చెప్పలేదు. మ్యూరియల్‌కి కొలవాల్సిన పని లేకపోయింది. కారు ముక్కుకీ, కాలవ ముందున్న ముళ్ళకంచెకీ మధ్య ఎంత గడ్డి మిగిలిందో కూర్చున్న చోటినుంచే కనబడుతోంది. కంచె అవతల కాలవ నిండుగా ఉంది. రెండు బాతులు తమకేమీ పట్టనట్టు ఈదుకుంటూ పోతున్నాయి.

"తడి," అన్నాడు నెవిల్ తిరిగొచ్చి. "రన్‌వే తడిగా ఉంది. టైర్లు జారాయి."

మ్యూరియల్ కిందికి చూసింది. యుద్ధం నాటి ఆ పాత రన్‌వే కాంక్రీటు ఎండకు తెల్లగా మెరుస్తోంది. ఇవాళ బుధవారం, సోమవారం నుంచీ చుక్క వాన లేదు.

ఆమె ఆ సీట్లో కూర్చున్నది సరదాకి కాదు. గేజీలు చూసి అంకెలు చదవడానికి. నెవిల్ గారేజీలో ఆరేళ్ళు కూర్చుని ముక్క ముక్కా కలుపుకుని కట్టిన కారది. కిట్ కారు అంటే తెలుసుగా, గుల్ల ఒకచోటినుంచి, చక్రాలు ఒకచోటినుంచి, ఇంజనేమో మూలపడ్డ ఓ జపాన్ కారులోంచి. ఆ ఇంజను సీట్ల వెనకాల పెట్టాడు. దానికి టర్బో ఉంది, అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే మర. టర్బో అందుకుంటే ఎవరో వీపు మీద తన్నినట్టు ఉంటుంది. రన్‌వే సగం దాటాక అదే జరిగింది. రన్‌వే పక్కన పొలంలో పోసిన దుంపల గుట్టలు సర్రుమని వెనక్కి పోయాయి. ఆమె నూనె గేజీ చదివింది, వేడి గేజీ చదివింది. మూడోది, టర్బో గేజీ, చదవబోతే దాని ముల్లు ఎక్కడ పడుకుందో అక్కడే పడుకుని ఉంది. "నెవిల్, ఈ ముల్లు లేవడం లేదు," అంటూండగానే అతను బ్రేకు తొక్కాడు. తొక్కడమైతే తొక్కాడు. మోకాలు బిగుసుకోవడం, దవడ ఎముక పైకి తేలడం ఆమె చూసింది. కారు మాత్రం ముక్కూమొహం తెలియని మనిషి పిలిచినా పట్టించుకోనట్టు పోతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. అప్పుడు ఒక్కసారిగా పట్టింది. నాలుగు చక్రాలూ అరిచాయి.

"బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుందా?" అని అడిగింది ఇప్పుడు.

"ఎవరన్నారు?"

"నీ కాలు చెప్పింది."

"నా బూటు సోలు మందం. పట్టు చిక్కలేదు." నెవిల్ కూర్చుని, ఇంజను వేసి పెడల్ రెండుసార్లు నొక్కాడు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. "చూశావా? బ్రహ్మాండంగా ఉంది. లోర్నాకి ఈ సంగతి చెప్పకు. ఊరికే బెదురుతుంది."

లోర్నా వాళ్ళ కూతురు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, నర్సు, బెదరడం ఎరగదు. ఆదివారం నాడు, ఒక్కో కారూ గుట్ట మీదికి ఎంత తక్కువ టైములో ఎక్కుతుందో చూసే పోటీలో ఈ కారు నడపబోయేది ఆ పిల్లే. గుట్ట కింది గీత దగ్గర మొదలై అరమైలు తిన్నగా పోయే దారి, ఎంత తొక్కితే అంత. దాని చివర చర్చి మలుపు. చర్చి మలుపుకి కంచె లేదు, గడ్డీ లేదు. ఐదడుగుల రాతిగోడ ఉంది.

ఇంటికొచ్చాక మ్యూరియల్ టీ పెట్టింది. చక్కెర వేశానో లేదో గుర్తులేక రెండోసారి వేసింది. నెవిల్ తాగి, ఏమీ అనకుండా కప్పు కింద పెట్టాడు. తీపి ఎక్కువైతే ఊరుకునే మనిషి కాదు. అప్పుడు తెలిసింది ఆమెకి, అతనూ భయపడ్డాడని.

గురువారం సాయంత్రం కారు పోటీల క్లబ్బువాళ్ళంతా పబ్బులో కలుస్తారు. పొయ్యి పక్క బల్ల వాళ్ళది. విల్ఫ్ ప్లౌరైట్ అప్పటికే అక్కడున్నాడు. పోటీ పొద్దున ప్రతి కారు కిందా దూరి చూసి, బాగుందని చీటీ అంటించేది అతనే. అతని చీటీ లేకుండా ఎంతటివాడైనా గీత దగ్గరికి పోలేడు.

"డాబ్స్ కనబడ్డాడు," అన్నాడు విల్ఫ్, గ్లాసు మీద నురగ తుడుచుకుంటూ. డాబ్స్ అంటే ఆ రన్‌వే ఉన్న పొలం రైతు. "తన కాంక్రీటు మీద నల్లచారలున్నాయట. కంచె దాకా ఉన్నాయట. కారు తోలారా, కాలవలో చేపలు చూడబోయారా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నెవిల్ మెడ మీద ఎరుపు పాకడం మ్యూరియల్ చూసింది. ఇదే బల్ల దగ్గర, ఇదే కుర్చీలో కూర్చుని అతను చెప్పిన మాటలు ఆమెకి ఇంకా చెవిలో ఉన్నాయి. ఆ ఇంజనుకి చిన్నా పెద్దా కలిపి పద్నాలుగు రబ్బరు గొట్టాలు, ఒక్కొక్కటి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో లెక్క, వేలు దూరని సందుల్లోంచి తీసుకుపోవాలి, "అన్నీ ఈ రెండు చేతులతో" అనేవాడు, చేతులు చాపి చూపిస్తూ. లావుపాటి చేతులు. ఆ వేళ్ళు ఆ సందుల్లో మొదటి కణుపు దాటి పోలేవని ఆమెకి తెలుసు. రంగురంగుల ఊలుదారం పరిచి ఒక్కో గొట్టం పొడవు కొలిచింది ఆమె. కోసింది ఆమె. ముంజేతులు గీరుకుపోయి, సబ్బు పెడితే మండిపోయింది ఆమెకే. అతను అలా చెప్పినప్పుడల్లా పక్కన కూర్చుని చిప్స్ నములుతూ ఉండిపోయేది. మొగుడు నాలుగు గొప్పలు చెప్పుకుంటే ఏం పోయిందిలే అనుకునేది.

"గొట్టాలు పెట్టింది మ్యూరియల్‌లే," అన్నాడు నెవిల్ ఇప్పుడు. "ఎక్కడో ఒకటి అటూ ఇటూ చేసి ఉంటుంది."

విల్ఫ్ అందుకున్నాడు, "అల్లికనుకుందేమో. రెండు సూటిగా, రెండు తిరగేసి."

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. మ్యూరియల్ కూడా నవ్వింది. అన్నిటికంటే అదే ఆమెకి తర్వాత మింగుడుపడలేదు, తనూ నవ్వడం.

ఇంటికి నడిచే దారిలో క్యాబేజీ పొలాల మీంచి చల్లగాలి కొడుతోంది. ఆమె కోటు బొత్తాలు పెట్టుకుంటూ అడిగింది.

"నిజంగానే నావల్లంటావా?"

"ఏదో అన్నాను. పట్టించుకోకు."

"పట్టించుకునేది నన్నన్నందుకు కాదు. నిజమైతే ఆదివారం ఆ పిల్ల ఏమవుతుందని."

"పొద్దున విల్ఫ్ చూస్తాడుగా. వాడి కంట పడకుండా ఏ లోపం పోయింది?"

"నిలబెట్టి చూస్తాడు, నెవిల్. నిలబడి ఉన్నప్పుడు అది బాగానే ఉంది. మీ ఇద్దరికీ బాగానే ఉంటుంది. టర్బో తన్నాకే రాయవుతోంది."

"ఒక్కసారి. ఒక్కసారి అయిందానికి."

"గోడకి ఒక్కసారి చాలు."

నెవిల్ అడుగులు పెద్దవయ్యాయి. ఆమె వెనకబడింది. నడుస్తూ నడుస్తూ గొట్టాలన్నీ మనసులో మళ్ళీ మొదటినుంచీ తడుముకుంది. నీలం ఊలు నూనెడబ్బా దగ్గరికి. పసుపు ఊలు ఇంధనం దగ్గరికి. ఎర్ర ఊలు బ్రేకుకి. ఎర్రదాని దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ ఆగి మళ్ళీ మొదటికొచ్చింది. ఎవరో తప్పు చేశారంటే కోపం తెచ్చుకోవచ్చు. ఆ తప్పు తన వేళ్ళతోనే జరిగిందేమో అనుకుంటే ఆ భయానికి పారిపోయే చోటు లేదు.

శుక్రవారం నెవిల్ ప్యాకింగ్ షెడ్డుకి పనికి పోగానే ఆమె గారేజీ తలుపులు రెండూ బార్లా తెరిచింది. కారు దగ్గరికి వెంటనే పోలేదు. ముందు వాకిట్లో ఉన్న తన చిన్న కారెక్కింది, బజారుకి వాడుకునేది. ఇంజను వేసింది, ఆపింది. అలాగే కూర్చుని మెల్లగా వంద లెక్కపెట్టి బ్రేకు నొక్కింది. మెత్తగా దిగింది. రెండోసారి నొక్కింది, దిగింది. మూడోసారికి గట్టిపడింది. ఎన్నేళ్ళుగానో రోజూ అనుభవంలో ఉన్నదే, ఎప్పుడూ దానికేసి మనసు పోలేదంతే.

ఇప్పుడు గారేజీలోకి పోయి కిట్ కారులో కూర్చుంది. ఇంజను వేసింది. చెవులు గింగురుమన్నాయి. ఆపింది. వంద లెక్కపెట్టింది. ఎనభై దగ్గర తడబడి మళ్ళీ డెబ్బై నుంచి లెక్కపెట్టింది. కాలు వేసింది.

రాయి.

మొదటి నొక్కుకే రాయి. ఆమె కాలు తీయకుండా అలాగే కూర్చుండిపోయింది. అయితే అంతా ఊహ కాదు. రన్‌వే తడి కాదు, బూటు కాదు.

ఆమెకి చదువు పెద్దగా లేదు గానీ, ఆరేళ్ళుగా టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ మనిషికి కొన్ని తెలుస్తాయి. పెడల్ ముందు ఓ గుండ్రటి నల్లడబ్బా ఉంటుంది, బ్రేకు బూస్టర్. ఇంజను ఆ డబ్బాలోని గాలిని గొట్టంలోంచి పీల్చేస్తూ ఉంటుంది. డబ్బా ఖాళీగా ఉంటేనే కాలికి బలం. టర్బో లేని ఇంజనుకి పీల్చడమే తెలుసు. టర్బో ఉన్నది ఊపందుకుంటే పీల్చడం మాని ఎదురు కక్కుతుంది. అలా డబ్బా నిండితే, ఊపు వదిలి ఇంజను మళ్ళీ పీల్చుకునేదాకా బ్రేకుకి రెండు మూడు క్షణాలు బలం ఉండదు. ఆ కక్కిన గాలి డబ్బాలోకి పోకుండా మధ్యలో వన్-వే వాల్వు ఉండాలి. వెళ్ళేదాన్ని వెళ్ళనిచ్చి, వచ్చేదాన్ని రానివ్వని తలుపు. ఇంజను ఆపినా డబ్బా ఖాళీగానే ఉండేలా కాపాడేదీ అదే. చిన్నకారులో కాపాడింది. ఇక్కడ కాపాడలేదు.

కానీ వాల్వు ఉంది. ఉందని ఆమెకి తెలుసు. ఇంజను పీల్చే పెట్టెకి గొట్టాలు తగిలించడానికి పక్కపక్కన రెండు ఇత్తడి ముక్కులున్నాయి, ఒకే తల్లి పిల్లల్లా. ఒకదాని లోపల ఆ వాల్వు బిగించి వచ్చింది. బయటికి కనబడదు. వాల్వున్న ముక్కుకి బ్రేకు గొట్టం, రెండోదానికి టర్బో గేజీ గొట్టం. ఏది ఏదన్నది వెనక మూతకి అంటించిన గొట్టాల బొమ్మలో ఉంది. బ్రేకుది ఎడమ. ఆమె ఎడమదానికే పెట్టింది. వెనక మూత ఎత్తి చూసింది. ఎర్ర ఊలు ముడి ఇంకా అక్కడే ఉంది, ఎడమ ముక్కు మీద.

క్లిప్పు వదులు చేసి గొట్టం ఊడదీసింది. శుభ్రమైన చిన్న గొట్టం ముక్క ఆ ముక్కుకి తగిలించి, రెండోకొస నోట్లో పెట్టుకుని పీల్చింది. పెట్రోలు వాసనతో గాలి బుస్సున నోట్లోకి వచ్చింది. తలుపు లేదు. కుడి ముక్కుకి తగిలించి పీల్చింది. గొట్టం నాలుకని పట్టుకుని వదల్లేదు. తలుపు అక్కడుంది.

కుడివైపుంది. గేజీ గొట్టం మీద. అందుకే ఆ ముల్లు లేవలేదు. టర్బో కక్కిందంతా గేజీ దాకా పోకుండా వాల్వు ఆపేసి, బ్రేకు దాకా హాయిగా పోనిచ్చింది.

మ్యూరియల్ బొమ్మకేసి చూసింది. వెనక మూత లోపలివైపు అంటించి ఉంది అది, ఆ జపాన్ కారు ముందు మూత కింద ఉండే గొట్టాల పటం. నెవిల్ దాన్ని ఆమె జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిచేసి, చిరగకుండా ఊడదీసి తెచ్చి ఇక్కడ అంటించాడు. ఆ రోజు దాని ముందు నిలబడి పిల్లాడిలా మురిసిపోయాడు. బొమ్మలో ఎడమవైపు, వంకరటింకర బాణం పక్కన, బ్రేకు. ఏ తేడా లేదు. ఆమె చూపుడువేలు బొమ్మ మీంచి ఇంజను మీదికి, ఇంజను మీంచి బొమ్మ మీదికి నాలుగుసార్లు తిరిగింది. ఎడమ, ఎడమ. మరి తప్పెక్కడ?

తనకేమైనా మతి పోతోందా అనిపించి చేతులు తుడుచుకుని కారు చుట్టూ తిరిగింది. గేజీ గొట్టం చూద్దామని సీటెక్కి, వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని, వెనక అద్దం పెట్టాల్సిన ఖాళీలోంచి ఇంజను మీదికి వంగింది. అప్పుడు కనబడింది. ఇటునుంచి చూస్తే వాల్వున్న ముక్కు ఎడమవైపుంది.

ఆ జపాన్ కారుకి ఇంజను ముందుండేది. పటం గీసినవాడు కారు ముక్కు దగ్గర నిలబడి, ఇంజనుని ముందునుంచి చూస్తూ గీశాడు. వీళ్ళు అదే ఇంజనుని అలాగే ఎత్తి తెచ్చి సీట్ల వెనక దించారు. ఇప్పుడు మూత ఎత్తేవాడు కారు తోక దగ్గర నిలబడతాడు. ఇంజను తిరగలేదు, మనిషి అవతలికొచ్చాడు. వాడి ఎడమ వీళ్ళకి కుడి. మిగతా గొట్టాలన్నీ దేని సైజు దానిదే గనక దేనికది సరైన చోటే కూర్చుంది. పొరపడగలిగింది ఈ జంట ఒక్కటే.

ఆమె సీటు వీపు మీద నుదురు ఆనించింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. తన తప్పు కాదన్న తేలిక కూడా ఎంతోసేపు నిలవలేదు. ఎవరిదైతేనేం, గోడ గోడే.

గొట్టాలు రెండూ మార్చడమంటే ఊడదీసి ఎదుటిదానికి తగిలించడం కాదు. బ్రేకు గొట్టం ఎడమ ముక్కుకి సరిపడా కోసింది. కుడిదానికి రెండు వేళ్ళ పొడవు తక్కువైంది. లాగి తగిలిస్తే టర్బో పక్కనుంచి పోతుంది. కాలి ఎర్రబడే ఆ ఇనుము పక్క రబ్బరు ఎంతసేపు ఉంటుంది? కొత్తది వేయాల్సిందే. బల్ల కింద చుట్టలో మందపాటిది దొరికింది. వేళ్ళతో నొక్కి చూసింది, చప్పిడి అయ్యే రకం కాదు. పాతదాని కొసకి కొత్తదాన్ని పురికొసతో కట్టి, ముందుకెళ్ళి పెడల్ దగ్గర కూర్చుని జానెడు జానెడు లాగింది. సీట్ల మధ్య గొట్టాలు పోయే సొరంగంలో ఎక్కడో తట్టుకుంది. వెనక్కి పోయి తోసింది, ముందుకొచ్చి లాగింది. పదకొండుసార్లు తిరిగింది. మోకాళ్ళు కరకరమన్నాయి. కొస బయటికొచ్చాక కెటిల్లో నీళ్ళు మరిగించి తెచ్చి, గొట్టం మూతిని అందులో ముంచి మెత్తబడ్డాక ముక్కు మీదికి తోసింది, వేళ్ళు చురచురమంటున్నా ఆపకుండా, గట్టు దాటి కూర్చునేదాకా. క్లిప్పు బిగించి, గేజీ గొట్టాన్ని ఎడమ ముక్కుకి మార్చింది. టర్బోకి ఎంత దూరముందో బెత్తెతో కొలిచింది. బెత్తెడు పైనే ఉంది.

ఇంజను వేసి, ఆపి, వంద లెక్కపెట్టింది. కాలు వేసింది. దిగింది. రెండోసారి దిగింది.

నెవిల్ వచ్చేసరికి ఆమె గారేజీలోనే ఉంది, తిరగేసిన పెట్టె మీద కూర్చుని, ఒళ్ళో ఎండుద్రాక్షలేసిన ప్లమ్ బ్రెడ్డు ముక్క, ఒక్క కొరుకు కొరికి మరిచిపోయినది. అతను నేల మీద పాత గొట్టం చూశాడు.

"ముట్టుకున్నావా? పోటీకి రెండు రోజులుందనగా ముట్టుకున్నావా? నీకేమైనా..."

"ఎక్కు," అంది ఆమె. "సీట్లో ఎక్కి వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చో."

"ఏం, ప్రార్థన చెయ్యాలా?"

"చెయ్యాల్సొస్తే తర్వాత చేద్దువుగాని. ముందు చూడు. చూసి, ఆ బొమ్మ చూడు."

గొణుక్కుంటూ ఎక్కాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కారు కాస్త ఊగింది. తర్వాత ఊగడం ఆగింది. చాలాసేపు అతని వీపే కనబడింది ఆమెకి, చెమటకి అంటుకున్న చొక్కా.

"నేనే అంటించాను," అన్నాడు చివరికి, ఇంజనుతో చెబుతున్నట్టు.

ఆమె బ్రెడ్డు ముక్క రెండో కొరుకు కొరికింది.

అనుమానం తీరాలంటే మళ్ళీ ఒకసారి గట్టిగా తోలి చూడాలి. నెవిల్ అప్పటికప్పుడే రన్‌వే దగ్గరికి పోయి, అరగంటలో తిరిగొచ్చాడు. గేటుకి గొలుసు వేసి ఉంది. డాబ్స్ ఇంటికి పోయి బతిమాలినా తియ్యనన్నాడట, చచ్చేవాళ్ళు ఇంకో పొలం చూసుకోండన్నాడట. నంబరు లేని కారు, ఊళ్ళో దారి మీద తోలడానికి లేదు. పోనీ ఆదివారం మొదటి పరుగు నువ్వు తియ్యి అంది మ్యూరియల్. పేరిచ్చినవాళ్ళే నడపాలి, క్లబ్బు నియమం అన్నాడు అతను. ఇచ్చింది లోర్నా పేరు.

శనివారమంతా ఇద్దరూ ఒకరినొకరు తప్పించుకుని తిరిగారు. ఆమె ఇంజను వేసి, ఆపి, వంద లెక్కపెట్టడం ఆరుసార్లు చేసింది. ఆరుసార్లూ పెడల్ మెత్తగానే ఉంది. అయినా మనసు కుదురుకోలేదు. గారేజీలో టర్బో తన్నదు. తన్నినప్పుడు ఆ ఇత్తడి ముక్కులోని పాత వాల్వు నిలుస్తుందని ఎవరు చెప్పారు? పద్నాలుగేళ్ళ నాటిదది.

ఆదివారం పొద్దున గుట్ట కింద కార్లు బారులు తీరాయి. నెవిల్ ట్రైలర్ మీంచి కారు దించుతుండగానే లోర్నా వచ్చింది, హెల్మెట్ చంకలో పెట్టుకుని, నోట్లో సాసేజి రొట్టెతో. "ఏంటమ్మా, మొహం అలా పెట్టావు? శవాన్ని చూశావా?" అంది.

విల్ఫ్ కారు కింద దూరి, బయటికొచ్చి, సీట్లో కూర్చుని ఇంజను వేసి పెడల్ నొక్కాడు. మూడు నిమిషాలు పట్టింది. "బాగుంది," అని చీటీ అంటించాడు. బుధవారం కూడా అతను ఇలాగే బాగుందనేవాడని మ్యూరియల్‌కి తెలుసు.

"లోర్నా," అంది ఆమె. "నీకొకటి చెప్పాలి."

"మ్యూరియల్," అన్నాడు నెవిల్ మెల్లగా.

"చెప్తాను, నెవిల్. నా కడుపున పుట్టిన పిల్ల, చెప్తాను." అంతా చెప్పింది. కాలవ, నాలుగు గజాలు, రాయి, రెండు ముక్కులు. మార్చానని చెప్పింది. మార్చాక గట్టిగా తోలి చూడలేదని కూడా చెప్పింది. లోర్నా రొట్టె నమలడం ఆపేసింది. విల్ఫ్ చీటీల కట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

లోర్నా మామూలుగా చేసేదే చేసింది. తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఎక్కొచ్చా?"

అడగడం పూర్తికాకుండానే జవాబు చెప్పే మనిషి నెవిల్. ఈసారి బూట్లకేసి చూసుకున్నాడు. విల్ఫ్ వింటున్నాడని తెలుసు. పక్క కారు వాళ్ళు వింటున్నారని తెలుసు.

"నన్నడక్కమ్మా," అన్నాడు. "గొట్టాలు మొదటినుంచీ పెట్టింది మీ అమ్మ. పద్నాలుగూ. నేను పటం తప్పువైపు అంటించాను. అది కనిపెట్టింది కూడా తనే. ఎక్కమని తనంటే ఎక్కు. వద్దంటే మళ్ళీ ట్రైలర్ ఎక్కించేస్తాను."

లోర్నా ఇటు తిరిగింది. విల్ఫూ ఇటే చూశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇన్నాళ్ళూ తన మాట ఎవరైనా వింటే చాలనుకుంది మ్యూరియల్. విన్నారు. వింటే గుండె కుదుటపడుతుందనుకుంది, పడలేదు. ఇంతవరకూ అయితే, జరగరానిది జరిగితే చెప్పినా వినలేదని ఏడవొచ్చు. ఇక ఆ మాట కూడా లేదు. ఎక్కమన్నా తనే, వద్దన్నా తనే. వద్దంటే చాలు, మధ్యాహ్నానికల్లా అందరూ ఇంటికి పోయి భోంచేస్తారు. ఆ మాట నోటి చివర దాకా వచ్చింది కూడా.

"ఆగు," అంది. "మూత ఎత్తు, నెవిల్."

వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టారు. ఒకతను, "ఏమ్మా, అల్లిక అయిందా?" అని అరిచాడు. విల్ఫ్ అటు తిరిగి, "నోర్మూసుకుని నీ వంతు వచ్చేదాకా ఉండు," అన్నాడు. మ్యూరియల్ తొందరపడలేదు. పద్నాలుగు గొట్టాలూ ఒక్కొక్కటి ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమింది. ప్రతి క్లిప్పూ గోటితో లాగి చూసింది. బ్రేకు గొట్టం కూర్చున్న గట్టు దగ్గర వేలు ఆనించి ఆగింది, నాడి చూస్తున్నట్టు. తర్వాత లోర్నా చెయ్యి పట్టుకుంది.

"విను. బ్రేకు వెయ్యడానికి మలుపు దాకా ఆగకు. సగం దారిలో తెల్ల గేటు వస్తుంది. అక్కడి దాకా ఎంత తొక్కుతావో తొక్కు, గేటు కనబడగానే వదిలేసి బ్రేకు మీద కాలు వెయ్యి. రాయిలా ఉంటే కంగారుపడకు, కాలు తియ్యకు, మూడు లెక్కపెట్టు, పడుతుంది. అక్కణ్ణుంచి గోడకి బోలెడు దూరం. ఆపి తిప్పుకుని వచ్చెయ్. మెత్తగా ఉంటే నీ ఇష్టం."

"సగంలో బ్రేకు వేస్తే టైము పోతుందమ్మా."

"పోనీ."

లోర్నా తల్లి మొహంలోకి చూసింది. హెల్మెట్ పెట్టుకుంది. "తెల్ల గేటు," అంది లోపల్నుంచి.

కారు గీత దగ్గర్నుంచి దూకింది. ఎత్తు పొదల వెనక వెంటనే మాయమైపోయింది. ఇక మిగిలింది చప్పుడొక్కటే. మ్యూరియల్ కళ్ళు మూసుకుంది. ఇంజను గొంతు పెంచుకుంటూ పోయింది, మధ్యలో టర్బో ఈల అందుకుంది, సన్నగా, పదునుగా, ఇంకా పైకి. తెల్ల గేటు. తెల్ల గేటు. చప్పుడు ఠక్కున తెగిపోయింది.

ఒకటి.

గాలికి పొదల ఆకులు గలగలమన్నాయి. నెవిల్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, ఎముక నొప్పెట్టేంత గట్టిగా.

రెండు.

మళ్ళీ లేచింది. ఇంజను మళ్ళీ లేచింది, మొదటికంటే ఉషారుగా, గుట్ట పైకి ఎక్కుతూ.

"తొక్కింది," అన్నాడు నెవిల్. "బ్రేకు పట్టింది. పట్టకపోతే మళ్ళీ వేగం పెంచదుగా. విన్నావా?"

"ఊరుకో. ఇంకా మలుపుంది."

ఈల మళ్ళీ పైకి పోయింది, మళ్ళీ తెగింది. టైర్లు కుయ్యిమన్నాయి, కాస్తంత. గేరు దిగింది. చప్పుడు అటు తిరిగి, గోడ వెనక్కి పోయి, సన్నబడుతూ సన్నబడుతూ గుట్ట పైకెళ్ళిపోయింది. మ్యూరియల్ అక్కడే, కింద పడున్న ఎవరి కారుదో టైరు మీద కూర్చుండిపోయింది. విల్ఫ్ తన ఫ్లాస్కు మూతలో టీ పోసి ఏమీ అనకుండా ఆమె చేతిలో పెట్టాడు.

లోర్నా దిగివచ్చేసరికి పావుగంట పట్టింది. హెల్మెట్ తీసింది. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"మెత్తగా ఉంది," అంది. "రెండుసార్లూ. ముల్లు కూడా లేచింది, నాన్నా." తర్వాత చేతి తొడుగులు తీస్తూ అడిగింది, "మధ్యాహ్నం ఇంకో పరుగుంది. ఈసారి గేటు దగ్గర బ్రేకు వెయ్యకుండా పోనా?"

నెవిల్ నోరు తెరిచి, మూసుకుని, పెళ్ళాం కేసి చూశాడు.

మ్యూరియల్ ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమని వెంటనే తీసేసుకుంది.

"చల్లారనీ," అంది. "చూసి చెప్తాను."